సంచిలో ఏడు కాడలు

మొదటి రోజు ట్రైనింగుకు వచ్చిన పన్నెండు మందికీ మందం కొలిచే మైక్రోమీటర్లు పన్నెండు ఇచ్చాను. పన్నెండూ తప్పు చూపించేవే. దవడలు మూస్తే సున్నా దగ్గర ఆగాల్సిన గీత, రెండు గీతలు అవతల ఆగుతుంది. ఆ సంగతి నేను చెప్పలేదు. తలా ఒక ఇనుప కాడ ఇచ్చి కొలిచి రాయమన్నాను.

పదకొండు మంది రాశారు. చక్కటి దస్తూరి. ఒక అమ్మాయి మాత్రం కాడను పక్కన పెట్టి, ముందు ఖాళీ దవడలు మూసి చూసింది.

"ఇది సున్నా దగ్గర ఆగట్లేదు సార్."

"అయితే?"

"దీంతో కొలవను. ఇంకోటి ఇవ్వండి."

పదకొండు మందినీ ప్యాకింగుకు పంపాను. అట్టపెట్టెలకు టేపు అంటించే పని. అమ్మాయిని నా బల్ల దగ్గర ఉంచుకున్నాను. సాయంత్రానికల్లా వర్క్‌షాపులో ఆమెకు జీరో అని పేరు పడిపోయింది.

మా ఫ్యాక్టరీ ఆవిరి బాయిలర్లకు వాల్వులు చేస్తుంది. వాల్వు లోపల పైకీ కిందికీ కదిలే కాడ ఒకటి ఉంటుంది. దాని మందం పద్ధెనిమిది మిల్లీమీటర్లు. మిల్లీమీటరులో వందో వంతులు రెండు తగ్గవచ్చు, మూడు తగ్గకూడదు. మైక్రోమీటరు మీద అది ఒక్క గీత తేడా. ఆ గీత దాటిన కాడ పక్కనుంచి ఆవిరి కారుతుంది, ఎక్కడో ఎవరి మొహం మీదో. లేత్ మీద తయారైన ప్రతి కాడా నా బల్లకు వస్తుంది. నేను సరే అంటే ఆకుపచ్చ గుర్తుతో పెట్టెలోకి, కాదంటే తుక్కులోకి. నేను చదివింది ఊరి బడిలో ఎనిమిదో తరగతి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే పని, చివరి కొన్నేళ్ళుగా ఫోర్‌మన్‌గా.

ఈ పిల్లలు వచ్చింది ఒప్పందం మీద. విశ్వవిద్యాలయం చివరి ఏడాది వాళ్ళను ఆరు నెలలు మాకు అప్పగిస్తుంది, మేం వాళ్ళను ఉద్యోగానికి తయారు చేస్తాం. సంతకాల రోజున వాళ్ళ ప్రొఫెసరూ మా ట్రైనింగు మేనేజరమ్మా చేతులు కలిపి ఫోటో దిగారు. ఆయనకు ఇంతమందికి ఉద్యోగాలొచ్చాయని కాలేజీ పుస్తకంలో వేసుకోడానికి ఒక అంకె కావాలి. ఆమెకు ప్యాకింగులో జీతం అడగని చేతులు కావాలి. ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు ఫోటోలో. పన్నెండు మందిలో ఒకరికి ఉద్యోగం అని ఒప్పందంలో ఉంది. ఎవరికన్నది నా సంతకం చెప్పాలి.

మూడో నెలలో ప్రొఫెసరు బతిమాలితే ఇంకో కుర్రాణ్ణి కూడా బల్ల దగ్గరికి తీసుకున్నాను. వాళ్ళ క్లాసులో మొదటి ర్యాంకు. అలాగే పిలిచేవాళ్ళం. వారం తిరక్కుండానే క్యాంటీనులో టీ తాగుతూ రిజిస్టరు నింపేశాడు. నలభై కాడలు, నలభైకీ ఒకే కొలత. ఒకే చెట్టు ఆకులు రెండు ఒకలా ఉండవు, లేత్ మీద కాడలు ఎలా ఉంటాయి? రిజిస్టరు అతని చేతుల్లో పెట్టి తలుపు చూపించాను. వాళ్ళ నాన్న వచ్చి గంటసేపు నిలబడ్డాడు. నేను తల ఎత్తలేదు. చివరికి మేనేజరమ్మ అతణ్ణి తన ఆఫీసులోకి తీసుకుని, బొమ్మలూ గ్రాఫులూ గీసే పని పెట్టింది.

ఇదంతా జీరో చూస్తూనే ఉంది. ఆమెకు చెప్పాను: "కొలవకుండా రాసేవాడు దొంగ. కొలిచి దాచేవాడు అంతకన్నా పెద్ద దొంగ. గుర్తుపెట్టుకో."

"గుర్తుంటుంది సార్."

గుర్తుంది కూడా. లేత్ మీది ముసలి టర్నరు ఒకసారి ఆమె చెవి దగ్గర గొణిగాడు. "జీరో తల్లీ, ఆ ఒక్కటీ చూసీ చూడనట్టు పోనీవే."

"చూసేశాను బాబాయ్. ఇంక చూడనట్టు ఎలా పోను?"

షాపంతా నవ్వింది. కాడ తుక్కులో పడింది. ఆ రోజు నాకు ఆమె పట్ల కలిగినదాన్ని ఏమనాలో తెలియదు. నాకు పిల్లలు లేరు.

ఆమె తండ్రి ఎప్పుడో పోయాడు. తల్లి ఒక లాడ్జిలో గదులు తుడుస్తుంది, మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లు కూర్చుని దిగుతుంది. ఉద్యోగం కాగితం రాగానే అమ్మతో చీపురు కింద పెట్టిస్తానని జీరో ఒకసారి అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అడుక్కోవడం ఆమెకు రాదు.

చివరి రెండు నెలల్లో ప్రతి విద్యార్థీ పనిచేసే చోట ఒక లోపం పట్టి, ఆధారాలతో రిపోర్టు రాయాలని విశ్వవిద్యాలయం నియమం. మా కంపెనీకి అది బాగా నచ్చింది. పన్నెండు తనిఖీలు ఊరికే వస్తాయి. జీరోకు విషయం మేనేజరమ్మే ఇచ్చింది: చేత్తో కొలిచే తనిఖీ ఎంత నమ్మకం? నేను సరే అన్న కాడల్లోంచి నాలుగు వందలు ఏరి ఆమె మళ్ళీ కొలవాలి.

రిపోర్టు నా బల్ల మీద పెట్టి పక్కన నిలబడింది. వెలుతురు చాలక కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చదివాను. నాలుగు వందల్లో నాలుగు తప్పు. నాలుగూ ఒక్కో గీత తక్కువ.

"నాలుగా?"

"నాలుగే సార్."

"కొలిచింది ఎవరు?"

"నేనే."

"సున్నా చూసుకున్నావా?"

"ప్రతిసారీ చూశాను సార్."

ముప్పై ఒక్క ఏళ్ళలో నా తప్పు పట్టిన మనిషి లేడు. అయినా రిపోర్టు మూసి, "రేపు అందరి ముందూ సంతకం పెడతాను" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. నా కోసం ఏడ్చిందనుకున్నాను. నిజం పట్టినందుకు ఏడ్చే మనిషి దొరికిందని అనుకున్నాను.

సాయంత్రం డ్యూటీ దిగుతూ స్టోర్సులోకి వెళ్ళాను. స్టోర్‌కీపరు నా బావమరిది. మా ఆవిడ తమ్ముడు.

"ఏంటి బావా, రిపోర్టులో నీ పేరు అచ్చయిందట. ఇంక నిన్ను పట్టుకోలేం."

"నాలుగు తప్పులు. రాసిన పిల్ల మొనగత్తె."

"మొనగత్తే. బంగారు తల్లి. నీ మొండితనానికి అలాంటిది దొరకడం నీ అదృష్టం." నవ్వుతూ నవ్వుతూ బల్ల కింద కాలితో ఏదో లోపలికి తోశాడు. ఇనుము చప్పుడయింది.

"ఏమిట్రా అది?"

"ఏం లేదులే."

"తియ్యి."

"ఆ పిల్ల నీకు చెప్పకూడదంది బావా. చెప్తాను, కోపం తెచ్చుకోకు. తప్పులు నాలుగు కాదు, పదకొండు. అయిదు దాటితే మనిషిని తీసేసి కొలిచే మెషిన్ కొంటామని మేనేజరమ్మ ఆ పిల్లతో అందట. అయిదు లోపయితే నువ్వు రిటైరయ్యేదాకా ఆగుతారట. అందుకని నాలుగు రాసి, ఏడు తెచ్చి నా దగ్గర పడేసింది. తుక్కులో కలిపెయ్యమంది. కడుపున పుట్టినవాళ్ళు కూడా ఇంత చెయ్యరు."

గుడ్డ సంచి విప్పాను. ఏడు కాడలు. ఏడింటి మీదా నా ఆకుపచ్చ గుర్తు.

"సంచి నేను తీసుకెళ్తున్నాను."

"బావా. ఆ పిల్ల నీ మీద జాలిపడింది. అంతే."

జాలి సంగతి నాకు తెలుసు. మా ఆవిడ రక్తం రిపోర్టు చూసిన డాక్టరు జాలిగల మనిషి. ఆమె మొహం చూసి, పెద్దగా ఏం లేదమ్మా, కొంచెం ఎక్కువుంది, మందులకు తగ్గిపోతుంది అన్నాడు. ఆ కొంచెం ఎంతో ఆయనకు తెలుసు. ఆయన జాలి ఖరీదు అయిదు నెలలు. అయిదు నెలల తర్వాత ఇంకో డాక్టరు అసలు అంకె చెప్పాడు. అప్పటికి చెప్పడం తప్ప చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

మర్నాడు సమావేశం గది. పొడుగు బల్ల. ప్రొఫెసరు, మేనేజరమ్మ, గ్రాఫులు చూపే తెర పక్కన మొదటి ర్యాంకు. మేనేజరమ్మ ముందు అట్ట ఫైలులో జీరో ఉద్యోగం కాగితం టైపు అయి ఉంది. నా సంతకం ఒక్కటే తక్కువ. జీరో ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చింది.

"కంపెనీకీ విద్యకూ మధ్య వారధి అంటే ఇదే" అని ప్రొఫెసరు మొదలుపెట్టాడు.

నేను సంచి బల్ల మీద కుమ్మరించాను. కాడలు దొర్లి ఆయన నీళ్ళ గ్లాసుకు తగిలి ఆగాయి. మైక్రోమీటరు జీరో ముందు పెట్టాను.

"కొలువు."

ఆమె నా వైపు చూసింది. ఆ చూపు బతిమాలే చూపు. ఆమెకు అది రాదనుకున్నాను.

"ముందు సున్నా చూడు" అన్నాను.

దవడలు మూసి చూసింది. ఒక కాడ తీసుకుంది.

"పైకి చదువు."

"పదిహేడు పాయింట్ తొమ్మిది ఏడు."

"ఇంకోటి."

"పదిహేడు పాయింట్ తొమ్మిది ఏడు."

ఏడూ చదివించాను. అయిదో కాడ దగ్గర ఆమె ఆగిపోతే, నీళ్ళు తాగి మళ్ళీ కొలవమన్నాను. ఒక్కటి కూడా వదల్లేదు.

"ఇవి రిపోర్టులో ఎందుకు లేవమ్మా?" అన్నాడు ప్రొఫెసరు.

"ఆయన రిటైరవడానికి రెండేళ్ళే ఉంది సార్. నాకు పని నేర్పింది ఆయనే."

"నేను నేర్పింది ఇది కాదు" అన్నాను.

"మానవత్వం కూడా ఒక నైపుణ్యమేనండీ" అని ప్రొఫెసరు గొణిగాడు. "మా ఫారంలో దానికి కూడా ఒక గడి పెట్టాం."

ఫారం లాక్కున్నాను. నిజమే, ఇరవై గళ్ళలో సానుభూతి అని ఒకటి ఉంది. అందులో అయిదుకు అయిదు వేశాను. చివరి గడిలో 'ఉద్యోగానికి సిద్ధమా' అని ఉంది. కాదు అని రాసి, కింద కారణం రాశాను: కొలిచి దాచింది. సంతకం పెట్టాను.

మేనేజరమ్మ ఫైలు మూసింది. ఆమె మొహంలో నొచ్చుకోవడం కనబడలేదు. పదకొండు అంటే మెషిన్ కొనొచ్చు. "మీ నిజాయితీకి థ్యాంక్సండీ ఫోర్‌మన్‌గారూ. ఈ నెలాఖరు దాకా మీ బల్ల చూసుకోండి, ఆ తర్వాత మెషిన్ వస్తుంది" అంది. తర్వాత మొదటి ర్యాంకు వైపు తిరిగింది. "మెషినయితే కొలత అదే రాసుకుంటుంది. బటన్ నొక్కే మనిషి చాలు, దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. నీకు ఓకేనా?"

"ఓకే మేడమ్" అన్నాడు వాడు.

ప్రొఫెసరు తన పుస్తకంలో 'ఉద్యోగాలు: ఒకటి' అని వేసుకున్నాడు. ఆయనకు కావలసింది అంకె. ఎవరన్నది కాదు.

గేటు దగ్గర బావమరిది నిలబడి ఉన్నాడు. నేను వస్తుంటే పక్కకు తిరిగాడు.

"అక్క ఉంటే నీ మొహం చూసేది కాదు బావా."

"ఎవరైనా అంకె చెప్పి ఉంటే మీ అక్క ఉండేది."

అతను లోపలికి వెళ్ళిపోయాడు.

బస్‌స్టాపులో జీరో ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన నిలబడ్డాను. ఆమె లేవలేదు. ఇంతకు ముందు లేచేది.

"ఒక్కటి అడుగుతాను సార్. మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"ఏమిటి?"

"గీత కనబడట్లేదని."

నా కళ్ళజోడు పెట్టెలో ఒక చీటీ మడిచి ఉంది. రెండు కళ్ళలోనూ పొర, ఆపరేషన్ అయ్యేదాకా సన్నటి పని చెయ్యకూడదు అని కంటి డాక్టరు రాసిచ్చాడు. ఆపరేషన్ తర్వాత నెలరోజులు కంట్లో చుక్కలు వేసే మనిషి కావాలన్నాడు. చీటీ మడిచి పెట్టెలో పెట్టేశాను. ఆమెకు అబద్ధం చెప్పలేదు.

"ఏడాది అయింది."

"మరి మీ ఫారం ఎవరు నింపుతారు సార్?"

బస్సు ఒకటి వచ్చి ఆగింది. నుదుటి మీద నంబరు ఉంది. మూడో ఎనిమిదో తేలలేదు. రోజూ సాయంత్రం ఆమే చెప్పేది, ఇది మీది సార్, ఇది కాదు సార్ అని.

ఆమె నంబరు చూసింది. నా వైపు చూసింది. చెప్పలేదు.

నేను అడగలేదు. బస్సు వెళ్ళిపోయింది.