దక్షిణం దర్వాజ

లక్సెట్టిపేటలో ఎండాకాలం సాయంత్రాలు గోదావరి గాలి దక్షిణం నుంచి వస్తుంది. జనం వాస్తు పేరు చెప్పి సరిగ్గా ఆ దిక్కే మూసుకుంటారు. కొత్త కాలనీకి నక్షా గీసిన ఇంజనీరు కరుణాకర్‌కు అది చూస్తే ఒళ్లు మండేది. గాలి వచ్చే వాలుకే వీధులు వేయించాడు. ఒక ఇల్లు ఇంకో ఇంటి గాలికి అడ్డం రాకుండా ఎడంగా నిలబెట్టించాడు. "దక్షిణం దర్వాజ పెట్టుండ్రి. దయ్యం రాదు, గాలొస్తది. ఏమన్నయితే నాది జిమ్మేదారి" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు.

అందరికంటే ముందు పెట్టింది యాదవ్వ. భర్త లచ్చయ్య వద్దు వద్దంటున్నా పెట్టింది. ఏడాది తిరగకుండానే లచ్చయ్యకు పక్షవాతం వచ్చింది. కాలనీ అంతా ఆ దర్వాజ వైపే వేలు చూపించింది. "సారు చెప్పిండు. గంత సదువుకున్నోడు ఉత్తగనే చెప్తడా?" అని యాదవ్వ ఎవరి మాటా వినలేదు. మొగుడి మంచం ఆ దర్వాజకు ఎదురుగానే వేసింది.

ఇక మన ఇంజనీరు సంగతి. అదే కాలనీలో, తనూ దక్షిణం దర్వాజ పెట్టించుకున్న ఇంట్లోనే కాపురం. మొన్న వానకు బండి జారి మోకాలు చెక్కుకుపోయింది. అంతే, అత్తగారు వాస్తు పంతులును పిలిపించింది, ఆయన దక్షిణం దర్వాజ మూసెయ్యమన్నాడు. ఊరందరికీ పాఠం చెప్పిన పెద్దమనిషి కాసేపు గొణిగి, తెల్లారి మేస్త్రీని పిలిచాడు.

గోడ పూర్తవుతుండగా యాదవ్వ వచ్చింది.

"గిదేంది సారూ, దర్వాజ మూస్తున్నవ్?"

"ఏం లేదు పెద్దమ్మా... ఇంట్లోల్లు పోరు పెట్టిండ్రు."

భయం ఇంట్లోవాళ్లది కాదు, ఆయనదే. ఆమె తడి గోడను చాలాసేపు చూసింది.

"నిజం చెప్పు. మా ముసలాయన మంచాన పడ్డది గా దర్వాజతోనేనా?"

"కాదు పెద్దమ్మా! ఆయనది బీపీ."

"మరి నువ్వెందుకు మూసినవ్?"

కరుణాకర్‌కు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. గోడ పడగొట్టిస్తానని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అంతలో మోకాలు సలిపింది, మాట వెనక్కి పోయింది.

"మిగిలిన ఇటుకలుంటే జర ఇప్పియ్యి. నేను సుత మూసుకుంట. నా చేతులతోని నేనే ఆయనను పడేసుకున్నట్టాయె" అని ఏడ్చింది.

మూయొద్దు, ఉక్కకు లచ్చయ్య ఆగలేడు అని చెప్పాలి. ఏ మొహం పెట్టుకొని చెప్తాడు?

యాదవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని తట్టలో ఇటుకలు పేర్చుకుంది. ఒక్కతే ఎత్తుకోలేక ఆయన వైపు చూసింది. కరుణాకర్ వంగి తట్ట ఎత్తి ఆమె నెత్తిన పెట్టాడు.