దీపాలు వేశాక

వసంతంలో ఓ పొద్దున లేచేసరికి ఆర్లో ఎడమ కంటికి చూపు పోయింది. రక్తనాళాల జబ్బు అన్నారు. రెండో కన్ను కూడా ఇలాగే చెప్పాపెట్టకుండా పోవచ్చని డాక్టరమ్మ హెచ్చరించింది. మందులు మింగుతూ ఇంట్లో కూర్చోమంటే వినే మనిషి కాదు. సియెర్రా కొండల్లోని పాలరాతి గుహను జీవితమంతా జనానికి చూపించిన గైడు. కార్చిచ్చు తర్వాత మూతపడ్డ ఆ గుహను ఈ వేసవిలోనే మళ్లీ తెరిచారు.

"ఉన్న కన్ను ఉండగానే ఒక్కసారి తీసుకెళ్లవే తల్లీ," అంటూ కూతురు కొరీన్ ప్రాణం తోడేశాడు.

కొరీన్ ఇప్పుడు అక్కడే గైడు. తను తీసుకెళ్లే సందర్శకుల జట్టులోనే నాన్నను కూడా కలుపుకుంది. ఆయన ఊరికే ఉంటేనా! గోడకు చెయ్యి ఆన్చిన ఓ పెద్దమనిషిని అక్కడికక్కడే పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యవయ్యా! నీ జిడ్డు అంటితే, నీటి చుక్కలతో పేరుకునే ఆ రాయి ఇక పెరగదు. మీ వంటింటి గట్టనుకున్నావా?"

అందరూ నవ్వారు. కొరీన్‌కు సిగ్గేసింది.

"నాన్నా, గైడుని నేను."

"నువ్వేలే. నీకు నేర్పిందెవరట?"

లోపలి పెద్ద గదిలో, పైనుంచి తెరల్లా వేలాడే రాళ్ల కింద బల్ల మీద కూర్చున్నాడు. ఉన్న ఒక్క కంటితో వాటిని తనివితీరా చూసుకున్నాడు. ఇక్కడ దీపాలన్నీ ఆర్పి అసలు చీకటి చూపించడం ఆయన రోజుల నుంచీ ఆనవాయితీ. ఇవాళ దాన్ని వదిలేద్దామనుకుంది కొరీన్. ఉన్న ఆ ఒక్క కంటికీ చీకటి చూపించడానికి ఆమెకు మనసొప్పలేదు.

"చీకటి చూడనివాడు గుహ చూసినట్టే కాదు. ఆర్పు," అన్నాడాయన.

ఆర్పింది. నీటి చుక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపాగి స్విచ్చి వేసింది. పాలరాయి తెల్లగా వెలిగింది. అందరూ "అబ్బ!" అన్నారు.

ఆర్లో కదల్లేదు.

"స్విచ్చి వేసినట్టు వినపడిందే?" అన్నాడు.

కొరీన్ దగ్గరికి వచ్చింది. ఆయన ముఖం ముందు చెయ్యి ఆడించింది. రెప్ప పడలేదు.

ఆర్లో లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"కంగారు పడకండి. కరెంటు పోయినట్టుంది. అప్పుడప్పుడూ జరిగేదే. ఎవరూ గోడలు తడమొద్దు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోండి. కళ్లు మూసుకుని కూడా బయటికి తీసుకెళ్లగలను మిమ్మల్ని."

వెలుగులో అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఒకామె ఏదో చెప్పబోయింది. వద్దన్నట్టు కొరీన్ రెండు చేతులూ జోడించింది. ఇందాక గోడ ముట్టుకున్న పెద్దమనిషి పక్కవాళ్ల చెయ్యి అందుకున్నాడు. చూసి మిగతావాళ్లూ అలాగే చేశారు.

ఆర్లో గాలిలో తడుముతూ కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమే, గైడువై ఉండి ఇలా వణుకుతున్నావు? నేనున్నాను కదా, పద."