దూది నీడ

జమ్మలమడుగు మగ్గాలవీధిలో కోడికూతకు ముందే పడుగులు పరిచేవారు. వీధి పొడవునా నూలుపోగులను లాగి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే చుట్టుకొని ఇళ్లలోకి వెళ్లిపోయేవారు. ఆ చల్లని వేళ పుల్లమ్మది కాదు. భర్త పోయిన స్త్రీ పొద్దున్నే పడుగుకు ఎదురుపడితే పోగులు తెగుతాయని ఆ వీధి నమ్మకం. ఆమెకు మిగిలింది మిట్టమధ్యాహ్నం. ఆ వేళ గంజి తగలగానే ఎండిపోయి, పోగు పెళుసెక్కి తెగిపోయేది.

భర్త మగ్గం ఖాళీగా ఉండిపోయింది. భర్త అన్న మద్దిలేటి వచ్చి చెప్పాడు.

“ఉగాదిలోపల ఆ మగ్గం మీదికి నీ పడుగు ఎక్కల్ల పుల్లమ్మా. లేకుంటే మా పిల్లోనికి తీసకపోతా. ఊరికే పెట్టుకోని ఏం జేస్తావు?”

ఆ రోజుల్లోనే ఆమె, భర్త నేసిన చివరి తువ్వాళ్లు అమ్మడానికి ఎర్రగుంట్ల రైలు బంగళాకు వెళ్లింది. ఇంగ్లండు సీమకు ప్రయాణమవుతున్న దొరసాని కుక్క వచ్చి ఆమె ఒళ్లో పడుకొని లేవలేదు. అది చీనా రాజుల అంతఃపురాల్లో ఒళ్లోనే పెరిగే జాతి అనీ, ఎండలో పెడితే బతకదనీ దొరసాని చెప్పగా, వంటవాడు తెలుగు చేసి వినిపించి దాన్ని పుల్లమ్మకే అప్పగించాడు.

చదునైన ముఖం, లోపలికి అణిగిన ముక్కు, నేలను ఊడ్చే వెంట్రుకలు. పుల్లమ్మ దానికి దూది అని పేరు పెట్టింది.

“దీని మొగం మీద ఎవురైనా పీటేసి కూర్చున్యారా?” అంది అత్త చౌడమ్మ. అయినా పిల్లకుక్కే కదా, పెరిగితే నూలుకు కాపలా ఉంటుందని మెత్తగా సంగటి కలిపి పెట్టింది. వీధంతా అది పెరిగే రోజు కోసం కాచుకుంది. దూది పెరగలేదు. పిలిస్తే వచ్చేది కాదు, కసిరితే కదిలేది కాదు. పగలంతా మగ్గం గుంటలోని చల్లని మట్టిలో మనిషిలా గురకపెట్టేది. ఎవరైనా ఏడిస్తే మాత్రం లేచి వెళ్లి ఒళ్లో కూర్చునేది.

పెరిగింది దాని నీడ.

పొద్దుటిపూట అది వాకిట్లోకి వస్తే ఆ నీడ మొదట అరుగు దాటింది. తరువాత వీధి దాటింది. మాఘమాసానికి ఎదురింటి మిద్దె మీదికి పాకింది.

“పుల్లమ్మా! నీ కుక్కను రవ్వంత జరుపు, మిరపకాయలు ఎండబెట్టుకోవల్ల,” అని ఎదురింటి గురమ్మ కేకవేసేది. పుల్లమ్మ జరిపేది. అంతకు మించి ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆ నీడ కోసం దాన్ని మధ్యాహ్నపు ఎండలో నిలపాలన్న ఆలోచనను పుల్లమ్మ దగ్గరికి రానివ్వలేదు.

ఉగాది ముందురోజు ఆమె మిగిలిన నూలునంతా వీధిలో పరిచింది. గంజి తగిలిన చోటల్లా పోగులు తెగాయి. పుల్లమ్మ నడివీధిలో కూలబడి ఏడ్చింది.

దూది గుంటలోంచి లేచింది. గడప దాటి, నిప్పులాంటి నేల మీద తొందరపడకుండా నడిచి వచ్చింది.

“వద్దు నాయనా, లోపలికి పో! సచ్చిపోతావు!”

అది ఆమె ఒళ్లోకి ఎక్కి కూర్చుంది. మనుషుల నీడలు పాదాల కిందికి ముడుచుకునే ఆ వేళ, దూది నీడ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పరుచుకుంది. గాలి చల్లబడింది. పిచ్చుకలు గూళ్లకు చేరాయి. పోగుల మీద గంజి తెల్లవారుజామున నిలిచినట్లు తడితడిగా నిలిచింది. వీధంతటిలో ఎండ మిగిలింది దూది మీద, అది కూర్చున్న ఒడి మీద మాత్రమే.

చౌడమ్మ తడిగుడ్డతో, చెంబెడు నీళ్లతో వచ్చి ఆ ఎండముక్కలో చతికిలబడింది.

“దీన్ని నా ఒళ్లో ఏసి నువ్వు లెయ్యి.”

“నీకు ఎండదెబ్బ తగులుతాది అత్తా.”

“తగల్నీలే. మీ మామ పోయినప్పుడు నాకూ ఈ ఎండపొద్దే మిగిలింది. అప్పుడు ఈ కుక్క యాడుండెనో!”

పుల్లమ్మ తెగిన పోగులను ముడివేసింది. పడుగుకు అటొకరు, ఇటొకరు నిలిచి దువ్వవలసిన కుంచెను పట్టుకొని తానొక్కతే అటూ ఇటూ పరుగెత్తింది.

అంతలో మద్దిలేటి మగ్గం కోసం బండి కట్టుకొని వచ్చాడు. నీడలోకి అడుగుపెట్టగానే ఎద్దులు కాడితోనే పడుకున్నాయి. అదిలించినా లేవలేదు. అతడు దిగి, పడుగు వెంట నడిచి, ఒక పోగును వేలితో మీటాడు. అది సన్నగా మోగింది. తెగలేదు. అప్పుడు తల్లిని చూశాడు. ఆమె ముఖం కందిపోయి ఉంది.

“ఎండలో ఏందిమా? లెయ్యి.”

“లేస్తే దీన్ని పట్టుకునేటోళ్లు ఎవరుండారప్పా?”

మద్దిలేటి తలపాగా విప్పి, తడిపి, దూది మీద కప్పి, దాన్ని ఒళ్లోకి తీసుకొని ఎండలో కూర్చున్నాడు. చౌడమ్మ వెళ్లి కుంచె రెండో కొస పట్టుకుంది.

పొద్దు వాలింది. అత్తాకోడళ్లు పడుగు చుట్టి, లోపలికి మోసుకుపోయి మగ్గానికి ఎక్కించారు. గురమ్మ మిద్దె మీదనుంచి తొంగిచూసింది.

“ఏమప్పా మద్దిలేటీ, మగ్గం ఎత్తవా?”

“యాడెత్తేది గురమ్మత్తా,” అన్నాడు మద్దిలేటి గొంతు తగ్గించి. “మగ్గం మీద పడుగుండాది. ఒళ్లో ఇది నిద్దరపోతాండాది.”