జానెడు కొసలు

అలివేలు అల్లిన శాలువాకు డెబ్బై రెండు కొసలు వేలాడుతున్నాయి. రంగు మారిన ప్రతిచోటా ఉన్ని దారాన్ని జానెడు వదిలిపెట్టింది. వాటిని లావు సూదికి ఎక్కించి అల్లికలోకి అటూ ఇటూ దోపితేనే పని పూర్తయినట్టు. పదిహేను రోజుల అల్లికకు అది ఒక్క పూట పని. ఆ పూట దొరికేలోపే రాజోలి నుంచి చిన్నమ్మ పోయిందని కబురొచ్చింది. వెళ్లక తప్పలేదు.

సోమవారం ఆ శాలువాను వనపర్తిలో చూపించాలి. ఆడవాళ్లకు అల్లికలు నేర్పే కేంద్రం ఒకటి అక్కడ పెట్టారు. శాలువా నచ్చితే అలివేలే టీచరు. గద్వాలలో నేతగాడి ఇంటికి కోడలై వచ్చిన నాటి నుంచి ఆమె కండెలకు నూలు చుట్టింది, తెగిన పోగులు అతికించింది. మగ్గం మీంచి చీర దిగాక మాత్రం అది భర్త సీతారాములు చీర. యాభై రెండో ఏట, తనది అని చెప్పుకునే పని ఇదొక్కటే వచ్చింది.

సీతారాములు చూపు మందగించి రెండేళ్లుగా మగ్గం ఆగిపోయింది. మగ్గం ఆగినా మనిషి మారలేదు. బట్ట మీద పోగు వేలాడితే ఆయనకు అన్నం సయించదు.

ఆదివారం సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి శాలువా చక్కగా మడతపెట్టి ఉంది. ఒక్క కొస లేదు.

"చేతులు ఊకుండలే," అన్నాడు సీతారాములు. "అన్నీ ముడేసి మొదలుకంట కత్తిరించిన. మనింటి బట్టకు పోగులు ఏలాడుడేంది?"

మగ్గం బట్టలో ఆ ముడికి తిరుగులేదు, పక్క పోగులు ఒత్తిపట్టి ఉంచుతాయి. ఉన్ని అల్లిక సాగుతుంది, ముడి జారిపోతుంది. మొదలుకంటా తెగిన దారం సూదికి అందదు. మళ్లీ అల్లాలంటే ఇంకో పదిహేను రోజులు. అడిగి చేస్తే ఏం పోయేదని తిట్టు నోటిదాకా వచ్చింది. కళ్లజోడు మీద భూతద్దం పెట్టుకుని రోజంతా కూర్చున్నాడట. అది చెప్పేటప్పుడు ఆయన మొహంలో సంబరం చూసి తిట్టు మింగేసింది. మింగినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

మర్నాడు వనపర్తిలో కేంద్రం చూసుకునే రోహిణి మేడం ఆ శాలువానే తిప్పి తిప్పి చూసింది. "పనైతే మంచిగుందమ్మా, ఒకసారి తడిపి చూద్దాం," అని బకెట్లో ముంచి పిండింది. దులిపేసరికి ముళ్లు జారి, నాలుగైదు చోట్ల అల్లిక విడిపోయింది.

"కొసలు పొడుగ్గ వదిలి సూదితో దోపాలె కదా. నేర్పేటామెకే తెల్వకుంటె ఎట్ల?"

మా ఆయన కత్తిరించిండు అంటే సరిపోయేది. కానీ గద్వాల నేతగాడికి ముడెయ్య రాలేదని అక్కడున్న పది మందీ నవ్వేవాళ్లు.

"తెల్వలే మేడం," అంది అలివేలు. ఎనిమిదేళ్లుగా చేస్తున్న పని గురించి ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. బస్సులో గద్వాల దాకా ఏడుపు ఆగలేదు.

సీతారాములు వాకిట్లోనే ఎదురయ్యాడు. "ఏమన్నరు?"

"వేరేటామెను పెట్టుకుంటరట."

ఆయన మొహం ఎర్రబడింది. పక్కింటి జోగులమ్మ బయటికి వచ్చేంత గొంతుతో అందుకున్నాడు. "పనితనం తెల్వనోళ్లు. అలివేలు అసొంటి చెయ్యి గద్వాల మొత్తంల ఇంకెవరికన్న ఉన్నదా? రేపు నేనే పోయి అడుగుత."

ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఆమె చేతిని మెచ్చుకోవడం అదే మొదలు, అదీ నలుగురూ వినేలా. ఆ మాట కోసం ఆమె ఎన్ని చీరల పాటు ఎదురుచూసిందో లెక్కలేదు. ఇప్పుడది చెవిన పడుతుంటే చచ్చిపోవాలనిపించింది.

"జర ఊకోరాదు," అంది.

"ఎందుకు ఊకోవాలె? నీ తరఫున అడిగెటోడు లేడనుకున్నరా?"

శాలువా చూపించమంటాడేమోనని, అలివేలు తడి సంచిని తీసుకుపోయి బియ్యం డబ్బా వెనక దాచింది.