తీసేసిన చప్పుళ్లు

చనిపోయిన భార్య గొంతు స్పీకర్లలోంచి ఒంటరిగా వచ్చినప్పుడు మొగిలి చాయ్ తాగుతున్నాడు. కప్పు కింద పెట్టలేదు.

కెమెరా ఆయన ముఖానికి దగ్గరగా ఉంది. దాని పక్కన సాయిచంద్ ఊపిరి బిగబట్టి నిలుచున్నాడు. మ్యూజిక్ కంపెనీ తరఫున వచ్చిన మనిషి అతను. ఈ ఒక్క క్షణం కోసమే పొద్దున్నుంచి కొండాపూర్‌లోని ఆ స్టూడియోలో లైట్లు పెట్టించాడు. పాతికేళ్ల నాటి క్యాసెట్‌లోంచి కంప్యూటర్ ఒక్కో గొంతునూ విడదీస్తుంది. పోయిన పెళ్లాం గొంతు వినగానే పెద్దాయన కుప్పకూలిపోతాడు. ఆ వీడియో చూసి జనం కళ్లు తుడుచుకుంటూ పాట వింటారు. సాయిచంద్ పథకం అది.

భూలక్ష్మి పాట ముగిసింది. మొగిలి మిగిలిన చాయ్ కూడా తాగేశాడు.

"ఎలా అనిపించిందండీ?" సాయిచంద్ ముందుకు వంగాడు. "మనసులో ఏముంటే అది చెప్పండి, పర్వాలేదు."

మొగిలి నిజంగానే వెతికి చూసుకున్నాడు. లోపల ఏమీ తగల్లేదు. పోయిన వానాకాలంలో దవాఖాన నుంచి ఆమె శవాన్ని ఇంటికి తెచ్చిన రోజూ ఇంతే. రాళ్లు కొట్టి కొట్టి వీడే రాయైపోయిండని బోరబండలో చుట్టాలు ఆయన వినేలాగే అనుకున్నారు.

"చక్కెర తక్కువైంది" అన్నాడు.

మిక్సింగ్ బల్ల ముందు కూర్చున్న మధు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. కెమెరా ఆగిపోయింది.

ఒకప్పుడు ఈ చుట్టుపక్కల గుట్టలుండేవి. అద్దాల టవర్లకు చోటు చెయ్యడానికి వాటిని పేల్చిన రోజుల్లో మొగిలి, భూలక్ష్మి ఇక్కడ బండలు కొట్టారు. కొడుతూ కట్టిన పాటల్ని ఒక ఆదివారం బాలానగర్‌లో తెలిసినవాళ్ల లేత్ షెడ్డులో రికార్డు చేశారు. ఒకటే మైకు. మొగిలి ముందు నిలబడి డప్పు కొడుతూ పాడాడు, భూలక్ష్మి పక్కనుంచి వంత అందుకుంది. 'గుట్ట పాటలు' అని క్యాసెట్ వచ్చింది. బస్టాండుల్లో, ఇరానీ హోటళ్లలో మారుమోగింది. అట్ట మీద 'మొగిలి బృందం' అని మాత్రమే ఉండేది.

ఆ బృందమంతా కలిపి ఒక్క భూలక్ష్మే.

ఇప్పుడు కంపెనీ దాన్ని కొత్తగా తెస్తోంది. మొగిలి మళ్లీ పాడాలి. వాయిద్యాలు కొత్తవి. వంత మాత్రం పాత క్యాసెట్‌లోంచి తీసిన భూలక్ష్మి గొంతే. ఈ కబురు వచ్చేసరికి ఆమె దవాఖాన మంచం మీద ఉంది. ముక్కులో గొట్టం పెట్టుకునే నవ్వింది.

"ఈసారన్న అట్ట మీద నా పేరు ఎయ్యమను. మల్ల బృందం గిట్ల అన్నరనుకో, దయ్యమై వచ్చి మైకు గుంజుకుంట."

మొగిలి సరేనన్నాడు. కంపెనీకి ఆ ఒక్క షరతే పెట్టాడు. "ఆవిడ గొంతుంటే పేరుంటుందండీ" అన్నాడు సాయిచంద్. అప్పుడు ఆ మాటలో మొగిలికి మెలిక కనబడలేదు.

మిగతా పాటలన్నీ ఇబ్బంది లేకుండా అయిపోయాయి. చివరిది గుట్ట పాట. ఆల్బమ్‌కు అదే ప్రాణం. అదే కొరకరాని కొయ్యగా మారింది.

గుట్ట గుట్టంటివి, గుట్టేడ బోయెరా
గుట్ట మీది పొద్దు ఏ దిక్కు బోయెరా

ఆ చరణం చివర డప్పు ఆగిపోతుంది. మొగిలి తాళం వదిలేసి రాగం తీస్తాడు. రాగం ఎంతసేపైనా సాగొచ్చు. కానీ మళ్లీ తాళంలోకి దిగేటప్పుడు ఆయన గొంతూ, వంతా, డప్పూ ఒకే దెబ్బ మీద పడాలి. హెడ్‌ఫోన్లలో మధు టిక్కు టిక్కుమని మిషన్ తాళం పెట్టాడు. భూలక్ష్మి వంత తళతళా మెరుస్తూ వచ్చింది.

మొగిలి ఆలస్యంగా దిగాడు.

మళ్లీ పాడాడు. ఈసారి తొందరగా దిగాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు పాడాడో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ప్రతిసారీ భూలక్ష్మి ఒక చోట, ఆయన ఇంకో చోట.

"కాకా, కంప్యూటర్‌ల జరుపుదామంటే రాగం తెగుతది. మొత్తం ఒక్క దమ్ముల రావాలె" అన్నాడు మధు. "జర ఆగుదాం. ఫికర్ జెయ్యకు."

సాయిచంద్ వాచీ చూసుకుని, ఫోన్ చెవికి పెట్టుకుని బయటకు వెళ్లాడు.

కాసేపటికి మొగిలి కూతురు సరిత తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. మైండ్‌స్పేస్ దగ్గర ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు ఆమె. యూనిఫాంలోనే ఉంది. ముఖం కందగడ్డలా ఉంది.

"నాయినా, లిఫ్టు కాడ ఆ సారు ఫోన్ల మాట్లాడుతుండు. నేనెవరో ఎరుక లేదు ఆయనకు. ఇంకొకామె వస్తుందట, నీహారికట. వంత అన్ని పాటల్లోనూ ఆమెతోనే పాడిస్తరట. అట్ట మీద నీ పేరు, ఆమె పేరు. ఆ బొమ్మ ఎప్పుడో తయారైందట. నీకు చేతగాదని ముందే రాసి పెట్టుకున్నరు."

"ఊఁ" అన్నాడు మొగిలి.

"ఊఁ ఏంది? అమ్మకు మాటిచ్చినవా లేదా?"

"ఇచ్చిన."

"మరి కోపం రాదా నీకు? ఏడుపు రాదు, కోపం రాదు. ఏమైంది నాయినా నీకు?"

తనకు కోపం రావాలని మొగిలికి తెలుసు. ఎక్కడో దూరంగా, పక్కింట్లో ఎవరో తలుపు కొడుతున్నట్టుంది. లేచి వెళ్లి తియ్యడానికి కాళ్లు రావడం లేదు.

అప్పుడే సాయిచంద్ లోపలికి వచ్చాడు. సరితను అక్కడ చూసి ఒక్క క్షణం తడబడి, వెంటనే నవ్వు పులుముకున్నాడు.

"మొగిలి గారూ, మీరు మరీ శ్రమ పడొద్దండీ. నీహారిక గారు దార్లో ఉన్నారు. ఆవిడ మీ గొంతును బట్టి పాడేస్తారు, మీరెక్కడ దిగితే అక్కడే దిగుతారు. ఆవిడ వచ్చేలోపు మీకు కుదిరిందా, సంతోషం. లేదంటే నేను చేయగలిగిందేం లేదండీ."

"సారూ, మా అమ్మ పేరు?" సరిత అడిగింది.

"గొంతు లేకుండా పేరెలా వేస్తామమ్మా?"

మెలిక ఇప్పుడు అందరికీ కనబడింది. సాయిచంద్ గది మూలనున్న కుర్చీలో కూర్చుని ఫోన్ తీశాడు.

మధు పళ్లు కొరికాడు. ఇంకేం చెయ్యాలో తోచక, కంప్యూటర్‌లో పెట్టుకున్న పాత క్యాసెట్‌ను ఏ శుభ్రమూ చెయ్యని రూపంలో వదిలాడు. "కాకా, అప్పుడెట్ల దిగినవో ఒకసారి ఇను. చాలు."

స్పీకర్లు బుస్సుమన్నాయి. ఫ్యాను రొద, లారీ మోత, వాటి అడుగునెక్కడో పాట. మొగిలి సోఫాలో వెనక్కి వాలి కప్పు అడుగు చూస్తున్నాడు. పాతికేళ్ల నాటి రాగం పైకి లేచింది, తిరిగింది, వాలింది.

మొగిలి నోరు తెరుచుకుంది. ఖాళీ కప్పు చేతిలో పట్టుకునే, సోఫాలోంచి కదలకుండానే, వెంట్రుకవాసి తేడా లేకుండా తాళంలోకి దిగాడు.

మధు కుర్చీ గిర్రున తిప్పాడు. "కాకా! ఇప్పుడేం జేసినవ్?"

"ఏం జెయ్యలే."

"మల్ల చెయ్."

క్యాసెట్ మళ్లీ తిరిగింది. మొగిలి మళ్లీ దిగాడు. ఆ వెంటనే మధు శుభ్రం చేసిన పాట పెట్టాడు. మొగిలి తప్పాడు.

మధు కళ్లు మెరిశాయి. "పాటొకటే, గొంతొకటే. తేడా నేను తీసేసిన చెత్తలోనే ఉంది. ఫ్యానుందా, లారీ ఉందా, ఏముంది?"

గొంతుల్ని విడదీసినప్పుడు మిగిలిన చప్పుళ్లన్నీ కంప్యూటర్‌లో వేరుగా పడి ఉన్నాయి. మధు వాటిని ఒక్కొక్కటిగా తిరిగి కలపడం మొదలుపెట్టాడు. ఫ్యాను రొద కలిపాడు. మొగిలి తప్పాడు. లారీ కలిపాడు. తప్పాడు. మధు చెమట తుడుచుకున్నాడు. కింద వీధిలో ఏదో కారు వచ్చి ఆగింది. సాయిచంద్ కిటికీలోంచి తొంగిచూసి, "వచ్చేశారండీ" అన్నాడు.

"ఇంకొకటి మిగిలింది" అన్నాడు మధు. "ఇదేందో నాకు సమజైతలేదు. సన్నగ, రేకుముక్కలు రాలినట్టు. గొంతు అంచుల్ని గీస్తున్నదని మొదలు దీన్నే తీసిన."

వదిలాడు. రాగం చివర, వంతకు సరిగ్గా ముందు, గల్లున ఒక చప్పుడు.

మొగిలి దిగాడు.

మొగిలి నెమ్మదిగా అన్నాడు.

"దాని గాజులు."

పాడేటప్పుడు భూలక్ష్మి కుడిచెయ్యి చెవికి అడ్డం పెట్టుకునేది. వంత అందుకునే ముందు ఆ చెయ్యి దించేది. మోచేతి దాకా జారిన గాజులన్నీ గల్లున మణికట్టు మీద పడేవి. ఆ గల్లుమనగానే ఇద్దరూ కలిసి దిగేవారు. ఊళ్లో, పనిలో, పెళ్లిళ్లలో, ఎక్కడ పాడినా అంతే. తాను ఆ చప్పుడు కోసం ఎదురుచూస్తున్నానని మొగిలికి ఇన్నేళ్లూ తెలియదు. ముందు పాడేవాడు తాననే అనుకున్నాడు.

"ఆ గాజులతోనే పోయింది అమ్మ" అంది సరిత. ముత్తయిదువగా పోయిన మనిషికి గాజులు తీయరు.

మధు వెనక్కి తిరిగి చూడలేదు. "కాకా, లోపలికి నడువ్. నీ చెవుల్ల టిక్కుటిక్కు తీసేస్తున్న. గాజులు పెడుతున్న. జల్ది."

మొగిలి గాజు తలుపు అవతలికి వెళ్లి మైకు ముందు నిలబడ్డాడు. ఎర్ర లైటు వెలిగింది. అదే సమయానికి నీహారిక లోపలికి వచ్చి, సరిత పక్కన నిలబడి చెప్పులు విడవబోయి అలాగే ఆగిపోయింది.

చరణం అయింది. డప్పు ఆగింది. మొగిలి రాగం ఎత్తుకున్నాడు. ఇప్పటి గొంతు వెనకటిలా పైకి పోదు. బొంగురుగా, గుట్ట చుట్టూ బాటలా తిరిగి తిరిగి కిందికి వచ్చింది. కెమెరా మళ్లీ తిరుగుతోంది. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. చెవుల్లో గల్లుమంది.

ఇద్దరూ కలిసి దిగారు.

పాట ముగిశాక నీహారికే ముందు మాట్లాడింది. "సాయిచంద్ గారూ, నన్నెక్కడ పాడమంటారండీ? అక్కడ చోటేది?"

"మేడమ్, సేఫ్టీకి ఒకసారి మీరు కూడా..."

"పాడలేనండీ. ఆవిడ పక్కన నా గొంతు పెడితే నాకే నష్టం. కారు ఛార్జీ మాత్రం మీదే." ఆమె మొగిలికి దణ్ణం పెట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

సాయిచంద్ ఫోన్ తీసి కవరు మార్చమని చెప్పాడు, గట్టిగా, అందరికీ వినబడేలా. ఎందుకంటే సరిత అతని ముందుకొచ్చి నిలబడి వింటోంది.

"వంత, భూలక్ష్మి అని రాయమంటానండీ. సరేనా?"

"వంత అని వద్దు" అన్నాడు మొగిలి. "భూలక్ష్మి, మొగిలి. అట్ల రాయుండ్రి. ఆమె చెయ్యి దించితేనే నేను దిగిన."

మాట నిలబడింది. గుండె తేలికపడాలి. మొగిలి చూసుకున్నాడు. ఏమీ లేదు.

వెళ్లేముందు మధును ఒకటే అడిగాడు. "తమ్మీ, ఆ తీసేసినవి నా ఫోన్‌ల ఎయ్యి."

"పాటనా కాకా?"

"పాటొద్దు. ఉత్త చప్పుళ్లు."

హైటెక్ సిటీ స్టేషన్‌లో తండ్రీకూతుళ్లు ఎంఎంటీఎస్ రైలెక్కారు. ఐడీ కార్డులు వేలాడేసుకున్న పిల్లలతో పెట్టె కిక్కిరిసి ఉంది. సరిత తండ్రికి కిటికీ పక్కన సీటు సంపాదించి, తాను పక్కన ఇరుక్కుని, ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టింది. ఫ్యాను తిరిగింది. లారీ పోయింది. పాట లేదు. ఎవరి గొంతూ లేదు.

అయినా రాగం ఎక్కడుందో ఆయన ఒంటికి తెలుసు. గడ్డం పైకి లేచింది. గల్లుమంది.

"గుట్ట మీది పొద్దు..." మొగిలి గొంతు పెట్టెలో ఖంగుమంది. ఎదురు సీటు కుర్రాడు ఉలిక్కిపడి ఫోన్ జారవిడిచాడు. నలుగురు తిరిగి చూశారు. మొగిలి ఎవరినీ చూడలేదు. ముఖం పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. కళ్లు పొడిగానే ఉన్నాయి. గొంతు మాత్రం ఆగలేదు.

వాళ్లు దిగాల్సిన బోరబండ వచ్చింది. తలుపు దగ్గర జనం తోసుకున్నారు.

"పెద్దాయన దిగాలా అక్కా?" ఎవరో అడిగారు.

దిగడానికి భుజాన వేసుకున్న సంచీని సరిత మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

"లేదన్నా. ఇంకో చరణముంది."