దూరానికా, దగ్గరికా

అది కాదు అమ్మడూ, 'చిన తాతయ్య కళ్లు పోయాయి' అని రాయకు. పోలేదు, మసకేశాయంతే. ఆ పొద్దున కూడా నా తమ్ముడు, అదే మీ చిన తాతయ్య, మా కొట్లో కూర్చుని ఒక కోటును మోకాళ్ల మీద పరుచుకుని చిరుగు అంచున పోగులు లాగుతున్నాడు.

అదే బట్టలోంచి దారం తీసి, చిరుగు జాడ తెలియకుండా అల్లడం అతని పని. రఫూ. వయసులో ఉండగా సోడాబుడ్డి అద్దాలుండేవి. పనికి కూర్చుంటే వాటిని నుదుటి మీదికి తోసి, బట్టను ముక్కుకు ఆనించుకునేవాడు. చీమ కాళ్లు లెక్కపెట్టే చూపు. కానీ అద్దాలు తీస్తే వీధి మలుపులో ఉన్నది కరెంటు స్తంభమో పెళ్లామో తెలిసేది కాదు.

"స్తంభానికి చెయ్యూపి నన్నొదిలేశావు కదయ్యా!" అని ఆమె ఓ రోజు పకపకా నవ్వి, ఆనక ఏడ్చింది. ఆమె పోరు పడలేక ఆపరేషన్ చేయించుకుని కళ్ల లోపల లెన్సులు పెట్టించుకున్నాడు. అప్పట్నుంచీ సాయంత్రాలు కొట్టుకొస్తూ ఆమె మలుపు తిరగగానే చెయ్యెత్తేవాడు. ఆమె కూడా ఎత్తేది. కొట్లో అందరికీ అదో వేడుక.

ఏళ్లు గడిచాయి. ముందు వయసుతో దగ్గరి చూపు జారింది, లెన్సులున్నాక ఇక ముక్కుకు ఆనించినా పోగు కనిపించేది కాదు. పోగులకు మళ్లీ అద్దాలొచ్చాయి. ఆపైన దీపాల చుట్టూ వలయాలు. లెన్సు వెనక శుక్లం పట్టిందనీ, రెండూ తీసి కొత్తది వేయాలనీ చెప్పింది డాక్టరమ్మ. "దూరానికా, దగ్గరికా? ఒకటి ఎంచుకుంటే మిగిలినదానికి అద్దాలు తప్పవు." రేపటికి చెప్పాలి.

"దగ్గరిదే వేయించుకో. కూడు పెట్టేది సూదే కదా," అంది పెళ్లాం, ఆ పొద్దున కొట్టుకు బయల్దేరుతుంటే గడప దగ్గర.

"మరి నువ్వు?"

"నేనే దగ్గరికొస్తాలే."

ఆ మాట రోజంతా తొలిచింది. మాటిమాటికీ పోగు తప్పాడు. మధ్యాహ్నం, పక్కన ఇస్త్రీ చేస్తున్న ఈ తాతతో తలెత్తకుండానే అన్నాడు.

"దూరానిదే అన్నయ్యా. బట్టకేం, అద్దాలు పెట్టుకుని చూస్తా. మనిషి వస్తుంటే అద్దాలు తడుముకోవడం నావల్ల కాదు."

"ఆ మాట ఆమెతో అను, మురిసిపోతుంది."

"తిడుతుంది," అని నవ్వాడు.

సాయంత్రం ఆమె మలుపు తిరిగి చెయ్యెత్తింది. అతను ఎత్తలేదు. గోడకు తల ఆనించి కూర్చున్నాడు. కునుకనుకుని కొట్లో ఎవరూ లేపలేదు. "చూపు ఇంతలా పోయిందా!" అనుకుంటూ ఆమె గబగబా దగ్గరికొచ్చి భుజం పట్టుకుంది. ఒళ్లు చల్లగా ఉంది.

"లెన్సులు పెట్టించిందాన్ని నేనే, ఆ సూది చూపు మింగిందాన్ని నేనే," అని ఇప్పటికీ కుమిలిపోతోంది. ఆ మధ్యాహ్నం తమ్ముడన్న మాట చెప్పబోయి, ప్రతిసారీ ఈ తాత ఇస్త్రీపెట్టె అందుకుంటాడు. ఈసారి మీ చిన నాయనమ్మ వచ్చినప్పుడు ఇది చదివి వినిపించు, అమ్మడూ. నెమ్మదిగా చదువు. చదివాక బీరువాలో దాచిన ఆ కోటు తీసి ఆమె ఒళ్లో పెట్టు. జాగ్రత్త, సూది ఇంకా ఆ చిరుగులోనే ఉంది.