సంకల్పంగారి మాత్రలు

మా బావగారికి, అంటే మా ఆయన అన్నగారికి, జబ్బు తగ్గిన రోజు నుంచీ మా ఇంట్లో ఎవరికీ తుమ్మే హక్కు కూడా లేకుండా పోయింది. ఎవరైనా తుమ్మితే చాలు, "మనసు గట్టిగా పెట్టుకోవాలి" అంటారు. కడుపునొప్పి వచ్చినా మనసే, కాలు బెణికినా మనసే. ఒకసారి మా అమ్మాయి స్కూటర్ పంక్చరైందని ఏడుపుముఖం పెట్టుకుని వస్తే, దానికి కూడా పావుగంట మనసు గురించే క్లాసు పీకారు. వీధిలో వాళ్ళు ఆయనకు సంకల్పంగారు అని పేరు పెట్టారు. వెక్కిరించడానికే పెట్టారు పాపం, ఆయన దాన్ని బిరుదనుకున్నారు.

ఆయనకు వచ్చింది హెపటైటిస్ సి. ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా లివరును పాడుచేసే వైరస్. పన్నెండు వారాలు రోజుకో మాత్ర వేసుకున్నారు, తగ్గిపోయింది. జరిగిందంతే. ఆయన నోట వింటే మాత్రం అదో మహాయుద్ధం. చీకటి విడకముందే లేచి నడిచారట. అద్దం ముందు నిలబడి, "నా ఒంట్లో నీకు చోటు లేదు, పో!" అని వైరస్‌ను గద్దించారట. "మరి మాత్రలు?" అని ఎవరైనా అడిగితే, "ఆ, అవీ వేసుకున్నాలే" అనేవారు. ఇదంతా "రోగం మీద నా గెలుపు" అనే నలభై పేజీల పుస్తకంగా అచ్చు వేయించి ఊరంతా పంచారు. అందులో అద్దం గురించి ఆరు పేజీలున్నాయి. మాత్ర గురించి ఒక్క వాక్యం ఉంది, అదీ బ్రాకెట్లో.

ఆ పుస్తకం అచ్చయిన ఏడాదికి మా ఆయనకూ అదే జబ్బు బయటపడింది.

మాది తాళాల కొట్టు. మా ఆయన తాళంచెవులు కోస్తారు, నేను కౌంటర్‌లో కూర్చుంటాను. ఈమధ్య మనిషి ఊరికే నీరసపడిపోతున్నారని నేనే పోరు పెట్టి రక్తపరీక్షకు తీసుకెళ్ళాను. వైరస్ ఉందని తేలింది. చాలా ఏళ్ళ కిందట యాక్సిడెంటై రక్తం ఎక్కించుకున్నారు, బహుశా అప్పుడే వచ్చి ఉంటుందని డాక్టరమ్మ అంది. స్కాన్ తీసి, లివరు ఇంకా మెత్తగానే ఉంది, సమయానికి వచ్చారు అని ధైర్యం కూడా చెప్పింది.

"ఇంకో పరీక్ష రాస్తున్నాను. మీలో ఉన్నది ఏ రకం వైరసో చూడాలి. ఫలితానికి మూడు వారాలు పడుతుంది. అది చూశాకే మందు రాస్తాను," అంటూ చీటీ చేతిలో పెట్టింది.

ఆ చీటీతో ఇంటికి వచ్చేసరికి సంకల్పంగారు హాల్లో కుర్చీ వేసుకుని సిద్ధంగా ఉన్నారు. ఎవరు చెప్పారో ఏమో. చీటీ చదివి పెద్దగా నవ్వారు.

"రకమేంట్రా, రకం? వంకాయలా ఏరుకోవడానికి? జబ్బు పేరొకటే. ఒకే తల్లి కడుపున పుట్టాం, ఒకే కంచంలో తిన్నాం. నీకో రకం, నాకో రకం ఎందుకొస్తుంది?"

"బావగారూ, మూడు వారాలేగా. ఆగుదాం," అన్నాను.

"మూడు వారాలు ఆ వైరస్‌ను కూర్చోబెట్టి మర్యాదలు చేస్తావా అమ్మా? నా మందులచీటీ ఉంది. మందుల షాపతను నా మనిషే. రేపే మొదలుపెడదాం. నన్ను నిలబెట్టిన మందు నా తమ్ముణ్ణి నిలబెట్టదా?"

మా ఆయన తలూపారు. అన్నయ్య గొంతు వినపడితే కూర్చున్న చోటునుంచి లేచి నిలబడే మనిషి, యాభై రెండేళ్ళొచ్చినా. రాత్రి భోజనాల దగ్గర నాకు ఒళ్ళు మండిపోయింది.

"రోజుకు పదిమంది మన కొట్టుకొచ్చి అదే కంపెనీ తాళం కదా, మా పక్కింటి చెవితో తెరుచుకోదా అని అడుగుతారు. మీరేం చెప్తారు వాళ్ళకి? పైకి ఒకలాగే ఉంటాయండీ, లోపల పళ్ళు వేరు అని చెప్పరూ? మరి మీ ఒంటి దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఏమైంది?"

"తాళం వేరు, అన్నయ్య వేరు," అన్నారు మా ఆయన, పెరుగన్నం కలుపుకుంటూ.

మర్నాటి నుంచి మాత్రలు మొదలయ్యాయి. వాటితోపాటు అద్దం కూడా. సంకల్పంగారు పొద్దున్నే వచ్చి మా ఆయన్ని అద్దం ముందు నిలబెట్టేవారు. "గట్టిగా అను! నీకు వినపడితే సరిపోదు, దానికి వినపడాలి!" మా ఆయన గొంతే సన్నం. పక్కవాటా ఆవిడ నన్ను పక్కకు పిలిచి, "ఎవర్నండీ రోజూ పో పో అంటున్నారు? మమ్మల్నా?" అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

పన్నెండు వారాలయ్యాక రక్తపరీక్షకు వెళ్ళాం. వైరస్ కనపడలేదు. డాక్టరమ్మ సంతోషించలేదు సరికదా, ఒంటికాలి మీద లేచింది.

"ఎవరు రాశారీ మందు? మందు వాడుతున్నంత కాలం అణిగి ఉండొచ్చు. ఆపాక మూడు నెలలకు మళ్ళీ చూసేదాకా నేను నమ్మను."

సంకల్పంగారు నమ్మేశారు. పుస్తకం రెండో ముద్రణకు "నా తమ్ముడి గెలుపు" అని ఒక అధ్యాయం రాసి, అన్నదమ్ములిద్దరూ అద్దం ముందు నిలబడ్డ ఫొటో తీయించారు. ఫొటోలో మా ఆయన వెనక్కి నక్కి ఉన్నారు.

మూడు నెలలకు వైరస్ తిరిగొచ్చింది. మునుపటికన్నా ఎక్కువ లెక్కలో.

ఆ రోజు సంకల్పంగారు మా హాల్లో అటూ ఇటూ తిరుగుతూ తీర్పు చెప్పారు. "నాకు ముందే తెలుసు. వాడు నోటితో అన్నాడు గానీ మనసుతో అనలేదు. వాడి కళ్ళలో అనుమానం నేను చూశాను." తర్వాత నా వైపు తిరిగారు. "ఇంట్లో ఆడది అపనమ్మకంతో ఉంటే మగాడి సంకల్పం ఎలా నిలబడుతుందమ్మా?"

 మా ఆయన కూడా అదే నమ్మడం చూశాక గుండె తరుక్కుపోయింది. ఒక పొద్దున నేను లేచేసరికి ఒంటరిగా అద్దం ముందు నిలబడి ఉన్నారు. ఈసారి వైరస్‌ను తిట్టడం లేదు. "క్షమించు అన్నయ్యా, నావల్ల కాలేదు," అంటున్నారు. పుస్తకంలోంచి తమ్ముడి అధ్యాయాన్ని బావగారు తీసేయించారని అంతకు ముందు రోజే తెలిసింది. దానికి క్షమాపణ అన్నమాట. జబ్బుతో చచ్చిపోతారేమో అని నేను భయపడుతుంటే, ఈయన అన్నయ్య పుస్తకం పాడైందని బాధపడుతున్నారు. వెనకనుంచి వెళ్ళి పట్టుకుని ఏడ్చాను. ఆ రోజే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి రకం పరీక్షకు రక్తం ఇప్పించాను. అన్నయ్యకు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను.

ఫలితం వచ్చింది. డాక్టరమ్మ కాగితం మా వైపు తిప్పి, తొందర లేకుండా చెప్పింది.

"ఇదంతా ఒకే పేరుతో పిలిచే వైరసే గానీ, లోపల రకాలున్నాయి. మీరు వాడిన మాత్ర మొదటి రకం మీద బాగా పనిచేస్తుంది. మీది మూడో రకం. దీని మీద అంతంతమాత్రమే. ఇది లివరును కాస్త తొందరగా పాడుచేసే రకం కూడా. ఇంకో సంగతి. వైరస్ తనను తాను కాపీ చేసుకుంటూ పెరుగుతుంది, ఆ కాపీలో తప్పులొస్తుంటాయి. ఆ మందుకు లొంగకుండా చేసే మార్పు ఒకటి ఇప్పుడు మీ వైరస్‌లో ఉంది. అలాంటివి ముందే కొన్ని ఉండి ఉండొచ్చు. మీరు వేసుకున్న మందుకు మిగతావి చచ్చాయి, అవి మిగిలి పెరిగాయి."

"అంటే నా మనసు బలహీనం కావడం వల్ల కాదా డాక్టరుగారూ?" అని మా ఆయన మెల్లగా అడిగారు.

ఆవిడ కళ్ళజోడు తీసి ఆయన వంక చూసింది. "వైరస్‌కు మీ మనసు సంగతి తెలియదండీ."

స్కాన్‌లో లివరు గట్టిపడటం మొదలైంది. ఈసారి మూడు మందులు కలిసిన మాత్ర వాడాలి, ఇరవై నాలుగు వారాలు. అది కూడా పనిచేయకపోతే మిగిలిన దారులు తక్కువ అని ఆవిడ దాచకుండా చెప్పింది. బయటికి రాగానే మా ఆయన్ని ఆటో ఎక్కించి, నేనూ ఎక్కి నేరుగా బావగారింటికి పోనిమ్మన్నాను. ఆ రోజు ఎవరడ్డొచ్చినా ఆగేదాన్ని కాదు.

బావగారు ఇంకా సాయంత్రం నడక నుంచి రాలేదు. మా ఆయన్ని హాల్లో కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్ళాను. వంటింట్లో అక్కయ్య ఉంది, బావగారి భార్య. ఎప్పుడూ పెదవి విప్పని మనిషి. జరిగింది చెప్తూ నేను ఏడ్చేశాను. ఆవిడ స్టవ్ ఆపేసింది.

"ఆ పరీక్ష మీ బావగారూ చేయించుకున్నారమ్మా," అంది.

"ఏ పరీక్ష?"

"రకం పరీక్షే. నేనే వెంట వెళ్ళాను. మూడు వారాలూ ఆగారు. ఆ మూడు వారాలూ ఆయన నిద్రపోతే ఒట్టు, నన్నూ నిద్రపోనివ్వలేదు."

ఆవిడ లోపలికి వెళ్ళి, పంచగా మిగిలిన పుస్తకాల కట్టల వెనకనుంచి ఒక కాగితం తెచ్చింది. మొదటి రకం అని అచ్చులో ఉంది. తేదీ ఆయన మొదటి మాత్రకు నాలుగు రోజుల ముందుదని అక్కయ్యే చెప్పింది. కింద డాక్టరు చేత్తో రాసిన మాట ఒకటుంది: "ఈ మందుకు సులువుగా లొంగే రకం. కంగారు అక్కర్లేదు."

పులితో కుస్తీ పట్టానని డప్పు కొట్టుకున్న మనిషి ఆ కాగితాన్ని ఎందుకు దాచారో అప్పుడు అర్థమైంది.

బావగారు వచ్చాక దాన్ని బల్ల మీద పెట్టాను. ఆయన నీళ్ళు నమిలారు. "డాక్టర్లు అందరికీ అలాగే రాస్తారమ్మా..."

"మీరు మూడు వారాలు ఆగారు. మా ఆయన్ని ఎందుకు ఆగనివ్వలేదు?"

"వాడికీ నా రకమే ఉంటుందనుకున్నాను."

"కాగితం ఎందుకు దాచారు మరి?"

 అబద్ధం చెప్పే ఓపిక కూడా లేనట్టు అన్నారు ఆయన. "సులువుగా లొంగే రకం అని తెలిస్తే నా మాట ఎవరు వింటారమ్మా?"

నేను ఇంకా నాలుగు దులిపేదాన్నే. ఈలోగా మా ఆయన ముందుకొచ్చి ఆ కాగితం తీసుకుని, జాగ్రత్తగా మడిచి, అన్నయ్య జేబులో పెట్టారు. "ఎక్కడైనా పోతుంది, దాచుకో అన్నయ్యా," అన్నారు. అందులో వెటకారం ఉందేమోనని ఆశపడి ముఖంలోకి చూశాను. లేదు.

ఇరవై నాలుగు వారాలు నా చేత్తో మాత్ర ఇచ్చాను. మింగారో లేదో నోరు తెరిపించి చూశాను. మందు ఆపాక మూడు నెలలు నేను కొట్లో ఎవరికి ఏ చెవి ఇచ్చానో నాకే తెలియదు. పరీక్షలో వైరస్ లేదు. డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. లివరులో పడ్డ మచ్చలు ఎంతవరకు మానతాయో చెప్పలేననీ, ఆరు నెలలకోసారి స్కాన్ తప్పదనీ అంది. సరే, మనిషి మిగిలాడు, నాకది చాలు అనుకున్నాను.

మొన్న ఆసుపత్రి హాల్లో రోగుల సభ పెట్టారు. అధ్యక్షులు సంకల్పంగారే, ఇంకెవరు. మా ఆయన్ని మైకు దగ్గరికి పిలిచారు. నేను మూడో వరుసలో కూర్చుని, చెప్పండి, ఆ రకం పరీక్ష సంగతి చెప్పండి అని లోపల్లోపలే తొందరపెడుతున్నాను. మా ఆయన గొంతు సవరించుకున్నారు. అన్నయ్య వంక చూశారు.

"మొదటిసారి నా మనసులో అనుమానం ఉండేది. అందుకే ఓడిపోయాను," అన్నారు. "రెండోసారి గట్టిగా పట్టుబట్టాను. అన్నయ్య నేర్పిన సంకల్పమే నన్ను కాపాడింది."

చప్పట్లు మోగిపోయాయి. సంకల్పంగారు కళ్ళు తుడుచుకున్నారు. నేను పెట్టిన ఒక్కో మాత్రా కళ్ళముందు కదిలి, నాకు నవ్వాలో చావాలో తెలియలేదు. ఒక మొగుడు, ఒక బావగారు అనుకున్నానా, ఇప్పుడు ఇద్దరు సంకల్పాలు తయారయ్యారు. ఎవరో వెనకనుంచి "ఏ మందు వాడారండీ?" అని అరిచారు. మా ఆయన మాత్ర పేరు చెప్పి, "అది కూడా వేసుకున్నాను" అని కలిపారు.

నా ముందు వరుసలో ఒకావిడ తన పక్కనున్న పచ్చబడ్డ ముఖం మనిషి చొక్కా జేబులోంచి పెన్ను లాగి, ఆ మాత్ర పేరు అరచేతిలో రాసుకుంటోంది. స్పెల్లింగ్ కూడా సరిగ్గానే రాసింది. నేను వంగి ఆవిడ భుజం తట్టాను.

"మీ ఆయనదేనా? ఏ రకం?"

"రకమా? తెలీదండీ. ఆ మైకు దగ్గర పెద్దాయనకు దీంతోనే తగ్గిందిగా, అదే కొందామని."

"ఆ పెద్దాయన నా మొగుడేనమ్మా," అన్నాను లేస్తూ. "ఆ చెయ్యి కడుక్కుని నాతో రండి. రక్తం తీసే గది నాలుగింటికి మూసేస్తారు."